సన్నాయప్ప వీడియో, ఉమ్మడి తొట్టి

చుక్కలకొండ అడవిలో ఆ ఏడు గడ్డి మొలవలేదు గానీ, సిగ్నల్ మాత్రం గుబురుగా మొలిచింది. కొండ నెత్తిన ఎవరో టవర్ నాటి పోయారు. దానికి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు. వానలు మొహం చాటేసినా అది ఏపుగా నిలబడింది. దాంతో అడవిలో ఏ పొట్ట చూసినా ఖాళీ, ఏ సెల్లు చూసినా నిండుగా మెసేజీలు.

కొండకింద చదును బండ మీద ఒక రాతి తొట్టి ఉంది. దాన్ని నడిపేది గంగరేవక్క అనే బర్రె. కరువు మొదలైనప్పుడే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చి తొట్లో వెయ్యాలి, అందరూ కలిసి తాగాలి. తౌడు, చిట్టు, రాలిన రేగుపళ్లు, ఊరి పెరళ్ల వెనక దొరికే కూరగాయ తొక్కలు, అన్నీ వేసి కుడితి కలిపేది. నూకలు మాత్రం పిట్టల కోసం గట్టు మీద విడిగా పోసేది. ఎవరెంత తెచ్చారని అడిగేది కాదు. ఉత్త నోటితో వచ్చినవాళ్లు కనబడితే అటు తిరిగి తోకతో ఈగలు తోలుకునేది.

తొట్టికి నీళ్లు మోసేది సన్నాయప్ప. జాతికి గాడిద. ఒకప్పుడు చాకిరేవులో మూటలు మోసి, ఆ పని పోయాక అడవి చేరాడు. ఆయన గొంతు విన్నాక పెట్టిన పేరు కాదది, వినకముందు పెట్టింది. బడి మొహం చూడలేదు. రేవుకు బట్టలు చుట్టి తెచ్చే పాత పేపర్లు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నాడు. "అందరికీ చదువు ఒంటబట్టదంటారు, నాకు బాగా బట్టింది," అనేవాడు. "చదవడం అవగానే తినేసేవాణ్ణి."

ఆ పొద్దు గంగరేవక్క తొట్టి అడుగున మూతి పెట్టి గీకితే రాయి చప్పుడొచ్చింది.

"అయిపోయిందిరా సన్నాయప్పా. రేపు కలపడానికి నీళ్లున్నాయి. నీళ్లలో వెయ్యడానికే ఏమీ లేదు."

గట్టు మీద కౌజుపిట్ట సుంకులి పిల్లల్ని రెక్కల కిందికి సర్దుకుంటూ వింటోంది. "అయితే నేను కింద శెనగచేలోకి దిగుతానక్కా. అక్కడ గట్టెంట గింజలు ఊరికే పోసున్నాయంట."

"ఊరికే ఎవరు పోస్తారే?" గంగరేవక్క కసిరింది. "వేటగాడు పోసుంటాడు. మీద మట్టి చల్లి వల దాచుంటాడు."

"నాకు తెలీకనా అక్కా! మా ఆయన పోయింది ఆ వల్లోనే గదా." సుంకులి గొంతు వణకలేదు. దానికే భయమేసింది వినేవాళ్లకి. "ఇక్కడే ఉంటే పిల్లలందరూ పోతారు. అక్కడికి పోతే కొందరన్నా మిగుల్తారు."

ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వెయ్యడం సన్నాయప్పకు అలవాటు. ఆ పొద్దు నోరు తెరిచాడు గానీ జోకు రాలేదు.

"కొంచెం ఆగు చెల్లే," అన్నాడు.

"ఆగితే ఏం చేస్తావన్నా?"

"వీడియో చేస్తా."

పైన కొమ్మ మీద కాకి ఓబులేసు పడీ పడీ నవ్వాడు. "మామా, నువ్వు పాడబట్టే వానలు పోయాయని సగం అడవి అనుకుంటోంది. మళ్లీనా?"

"అదేరా నా ధైర్యం. మంచి గొంతున్నవాళ్లకి వినేవాళ్లు దొరకాలి. నా గొంతుకైతే పారిపోయేవాళ్లు చాలు."

సెల్లును తుమ్మచెట్టు పంగలో ఇరికించి, మూతితో నొక్కి, ఎదురుగా నిలబడ్డాడు. చెవులు సగం తెరను కప్పేశాయి.

"అందరికీ దండాలు. నేను సన్నాయప్పను. ఇప్పుడు పాడబోతున్నాను." ఒక్కసారి గొంతెత్తాడు. చెట్టు మీదున్న ఉడుతలు కిందపడ్డాయి. "విన్నారు గదా? రోజూ పొద్దున్నే పాడి మీకు పంపిస్తాను. నన్ను ఆపాలంటే ఒకటే దారి. ఒక తౌడు మూట పంపండి." తర్వాత సెల్లును నోట కరుచుకుని తొట్టి మీదికి వంచాడు. అక్కడ నిలబడ్డవాళ్ల మొహాలు ఎవరివీ చూపించలేదు. గీకిన రాయి ఒక్కటే చూపించాడు. "ఇది మా ఉమ్మడి తొట్టి. నిన్నటిదాకా ఇందులో కుడితి ఉండేది. వాన పడి గడ్డి లేచేదాకా ఆదుకోండి. ఆపైన మా కాళ్ల మీద మేం నిలబడతాం. నాకైతే నాలుగున్నాయి."

ఏటికి అవతల మాగాణి ఉంది. అక్కడి ఎద్దులకు, బాతులకు, ఏనుగులకు కరువంటే వార్తల్లో చూడటమే. ఆ వీడియో అటు దాటింది. దాటాక ఆగలేదు. "మా దూడలు నవ్వి నవ్వి తాగిన పాలు కక్కుకున్నాయి, మూట పంపుతున్నాం," అని ఒక ఆవు రాసింది. "బాబ్బాబు, రేపు పాడొద్దు, గానుగచెక్క మూటలు కూడా కట్టించాం," అని ఒక ఏనుగు. నవ్విన ప్రతివాళ్లూ చివర్లో ఒకటే అడిగారు. మూటలు ఎక్కడ దించాలి?

సన్నాయప్ప జవాబు రాయబోతుంటే వెనక నుంచి మెత్తని గొంతు వినబడింది.

"సన్నాయప్పగారూ!"

గారూ అని ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పిలవలేదు. వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. నక్క సుభాషణరావు నిలబడి ఉన్నాడు, దువ్విన తోకతో.

"మీ గానం విన్నానండీ. కళ్లు చెమర్చాయి. దాన్ని నవ్వులాట అనుకున్నవాళ్లు పామరులు. అందులో ఒక గాంభీర్యం ఉంది."

"నా గొంతులోనా?"

"మీ గొంతులోనే. అది సరే గానీ, మూటలు ఇంత లోపలికి మోయించడం ఎందుకండీ? మా గుహ కనుమ మొదట్లోనే ఉంది. బండ్లు నేరుగా వస్తాయి. అక్కడ దించితే నేనే దగ్గరుండి పంచుతాను. మీరు హాయిగా సాధన చేసుకోండి."

సుభాషణరావు వెళ్లాక ఓబులేసు కిందికి దిగాడు. "మామా, నక్క తౌడు తింటుందా?"

"తినదు. అందుకే నమ్మకం! తినేవాడి దగ్గర దాస్తే అయిపోతుంది. తిననివాడి దగ్గర భద్రం."

"నక్క తౌడు తినదు మామా. తౌడు తినేవాళ్లను తింటుంది."

సన్నాయప్పకు వినబడింది. కానీ ఆయనవి పొడుగు చెవులు, ఒకసారి లోపలికి దిగిన పొగడ్త బయటికి రావాలంటే చాలా దూరం నడవాలి. వీడియో పెట్టిన తన పేజీలో నక్క గుహ చిరునామానే పెట్టేశాడు.

మూటలొచ్చాయి. బండ్ల మీద, వీపుల మీద, తెప్పల మీద వచ్చాయి. సుభాషణరావు గుహ ముందు రంగుగుడ్డ కట్టించాడు. అడవికి కొత్త పెద్దను ఎంచుకునే రోజు దగ్గర పడుతోంది కాబట్టి గుడ్డ మీద తొట్టి బొమ్మ లేదు, ఆయన బొమ్మ ఉంది. ఆకలిగొన్నవాళ్లంతా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి ముందూ సోలెడు గింజలు పెట్టి, పక్కన తాను వంగి నిలబడి, ఫోటో తీయించుకున్నాడు. ఫోటో అయ్యాక ఆ సోలే పక్కవాళ్ల ముందుకు జరిగేది.

సుంకులి వంతు వచ్చింది.

"పిల్లల్ని ముందుకు తోయమ్మా. ఆ చిన్నదాని మొహం ఇటు తిప్పు. కాస్త ఏడుపు కనబడాలి... ఆఁ, అలాగే!"

పిల్ల గింజల మీదికి ముక్కు చాపేలోగా సోల పైకి లేచిపోయింది.

"అదేంటయ్యా?" అంది సుంకులి.

"ముందు అందరి ఫోటోలూ అవ్వాలమ్మా. పద్ధతి ఉంటుంది గదా. పంపకానికి కబురు పెడతాం."

కబురు రాలేదు. ఏటి అవతల మాత్రం ఫోటోలు చూసి అందరూ మురిసిపోయారు. "ఆకలి తీరిన కళ్లు" అని సుంకులి పిల్ల ఫోటో కింద రాసుంది. ఇక మూటలు అక్కర్లేదేమోనని బండ్లు తగ్గాయి. తొట్లో రాయి అలాగే ఉంది.

సన్నాయప్ప గుహ దగ్గరికి పోయాడు. లోపల మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"రావుగారూ, మా తొట్టి ఎండిపోయింది."

"పెద్దను ఎంచుకునే రోజున ఇస్తానయ్యా. అందరి ముందూ, నా చేత్తో. అప్పటిదాకా ఓర్చుకోమను."

"అప్పటికి ఓర్చుకునేవాళ్లు మిగలొద్దా?"

"మిగిలినవాళ్లకే ఓటు." నక్క పళ్లు బయటపెట్టింది. ఆ పళ్లకు ఇప్పుడు గారూ, అండీ లేవు. "నీ పేజీలో నా మీద ఒక్క మాట రాసి చూడు. మోసపోయామని తెలిస్తే ఏటి అవతలివాళ్లు నన్నే కాదు, నిన్నూ నమ్మరు. మీ తొట్టికి జన్మలో తౌడు రాదు. ఈ కరువు పోయి ఇంకో కరువొచ్చినా రాదు. తెలిసిందా, గాయకుడా?"

తిరిగొస్తూ దారి పొడుగునా సన్నాయప్ప తనను తాను తిట్టుకున్నాడు. మూటలు మోసిన వీపుకు వీడి బరువు తెలియలేదే! ఒక్క 'గారూ'కి అడవి కడుపంతా రాసిచ్చానే! తిట్లు అయిపోయినా దారి అయిపోలేదు. అందుకని ఆలోచించడం మొదలుపెట్టాడు. నక్క చెప్పిందాంట్లో నిజముంది. బయటపెడితే మూటలు ఆగిపోతాయి. ఊరుకుంటే సుంకులి శెనగచేలోకి దిగుతుంది. బయటపెట్టకుండా మూటలు బయటికి రావాలి.

తొట్టి దగ్గర సుంకులి పిల్లల్ని లెక్క చూసుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"రేపు పోదువులే," అన్నాడు సన్నాయప్ప.

"ఎందుకన్నా? ఇంకో ఫోటోకా?"

ఆ మాట చాకిరేవు బండ కంటే గట్టిగా తగిలింది. అయినా తలదించలేదు. "రేపు పొద్దుటిదాకా ఆగు. నా మీద నమ్మకంతో కాదు, అడుగుతున్నాను గనక ఆగు."

సుంకులి పిల్లల్ని మళ్లీ రెక్కల కిందికి సర్దుకుంది. "రేపు ఎండ బండ మీదికి ఎక్కేదాకే. ఆ తర్వాత నువ్వు అడ్డం పడుకున్నా ఆగను."

సన్నాయప్ప ఓబులేసు వైపు తిరిగాడు. "నువ్వు ఆ నక్క పేజీ రోజూ చూస్తావు గదరా. దానికి బాగా ఇష్టమైందేంటి?"

"పొగడ్త మామా. ఎవరు పొగిడినా సరే. పైన తన ఫోటో ఉండాలి, మొదట్లో రెండు బిరుదులుండాలి. అంతే, మూడో మాట చదవకుండా షేర్ చేసేస్తాడు. పైన 'ఇదే నా మనసులోని మాట' అని రాసుకుంటాడు. ప్రతిదానికీ అదే రాస్తాడు."

"ప్రతిదానికీనా?"

"మొన్నొక కోతి వెటకారంగా పొగిడితే దానిక్కూడా రాశాడు."

సన్నాయప్ప చెవులు రెండూ నిటారుగా లేచాయి. "నీ ముక్కు నా మూతి కంటే వేగం. నేను చెప్తా, నువ్వు కొట్టు. ముందు ఫోటో పెట్టు, రంగుగుడ్డ మీదున్నదే. మెళ్లో బంతిపూల దండ వెయ్యి."

"వేశా."

"రాయి. కరుణాసముద్రులు, ఆపద్బాంధవులు, ఆకలి పాలిటి సింహస్వప్నం శ్రీ సుభాషణరావు గారు..."

"నక్కను సింహమంటే సింహం ఊరుకుంటుందా?"

"సింహానికి సిగ్నల్ లేదు, కొట్టు. 'వారి తోక కాంతికి వెన్నెల చిన్నబోవును. వారి నడక చూసి నెమళ్లు నేర్చుకొనును.' ఇంకో పది వరసలు ఇలాగే లాగు. ఆ తర్వాత, మధ్యలో, ఇది రాయి. 'వచ్చిన మూటలన్నీ రేపు సూర్యోదయానికి వారు తమ గుహ తెరిచి ఉమ్మడి తొట్టికి చేర్చెదరు. మొదటి మూట స్వయంగా తమ వీపున మోసెదరు. ఆకలిగొన్న ప్రతివారూ గిన్నెలతో రండి. మూటలు పంపిన దాతలు లైవ్‌లో చూడండి.' మళ్లీ చివర్లో తోక దగ్గరికి రా."

గంగరేవక్క ఇదంతా వింటూ నిలబడింది. "అబద్ధం రాస్తున్నావేమిరా?"

"అక్కా, తోక గురించి రాసింది అబద్ధమే. మూటల గురించి రాసింది రేపు పొద్దున కల్లా నిజం చేద్దాం. దానికి అడవంతా కదలాలి. నువ్వు పిలిస్తేనే కదుల్తారు."

"పిలుస్తా," అంది గంగరేవక్క. అని ఊరుకోలేదు. పొదపొదకీ పోయి పిలిచింది.

సుభాషణరావు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి తెర మీద తన ఫోటో, మెళ్లో దండ. కరుణాసముద్రులు. ఆపద్బాంధవులు. ఇంకేం కావాలి? 'ఇదే నా మనసులోని మాట' అని కొట్టి షేర్ చేసేశాడు. అంతటితో ఆగక, పేజీ నెత్తిన అందరికీ కనబడేలా అతికించాడు. సాయంత్రందాకా హృదయం గుర్తులు పెరగడం చూస్తూ మురిసిపోయాడు. కింద జనం ఏం రాస్తున్నారో చదవలేదు, గుర్తులు చూడటానికే తీరిక చాల్లేదు.

తెల్లారింది. సుభాషణరావు ఆవులిస్తూ బయటికొచ్చి ఆ ఆవులింతను సగంలో ఆపేశాడు. కనుమ నిండా జంతువులే. కుందేళ్లు ఆనపకాయ బుర్రలతో, ముళ్లపందులు ఆకు దొప్పలతో, కోతులు కొబ్బరిచిప్పలతో. ముందు వరసలో గంగరేవక్క. అందరికంటే వెనక, ఎగిరిపోవడానికి వీలున్న రాయి మీద, పిల్లలతో సుంకులి.

"ఏమిటిది? ఎవరు రమ్మన్నారు?"

"తమరే గదండీ," అన్నాడు సన్నాయప్ప. సెల్లు ఓబులేసు కాళ్ల మధ్య ఉంది. లైవ్ నడుస్తోంది.

"నేను రమ్మనలేదు. అది నేను రాసింది కాదు!"

ఓబులేసు తెర మీద ఏటి అవతలి మాటలు ఒక్కొక్కటే గట్టిగా చదివాడు. "బాతులు అడుగుతున్నాయి, మీ మనసులోని మాటేనని మీరే పెట్టుకున్నారు గదా అని. ఏనుగమ్మగారు రాస్తున్నారు, 'మీరు మొదటి మూట మోసేది చూడాలని మా పిల్లలు స్నానం కూడా మానేసి కూర్చున్నారు' అని. ఎద్దులు అడుగుతున్నాయి, గుహ ఇంకా తెరవలేదేం అని."

నక్క సన్నాయప్ప దగ్గరికి వచ్చి పళ్ల సందున గొణిగింది. "దీన్ని ఇప్పుడే ఆపు. లేకపోతే నువ్వు మోసగాడివని అందరికీ చెప్తా."

"చెప్పండి," అన్నాడు సన్నాయప్ప అంతే నెమ్మదిగా. "చెప్పాలంటే ముందు మూటలు లోపలే ఉన్నాయని చెప్పాలి. ఎందుకున్నాయో కూడా చెప్పాలి. నేను గాడిదనని అందరికీ తెలుసు, నాకు పోయేదేం లేదు. మీరు మాత్రం కరుణాసముద్రులు."

సుభాషణరావు లెక్క వేసుకున్నాడు. తెరవకపోతే పెద్దరికం పోతుంది. తెరిస్తే మూటలు పోతాయి. చుట్టూ చూశాడు. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. దొప్పలు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. పోయేలా కూడా లేరు.

"నా ప్రజలారా!" అన్నాడు చివరికి, తెర వైపు చిరునవ్వు తిప్పి. "ఈ క్షణం కోసమే నేను ఎదురు చూస్తున్నాను!"

గుహ తెరుచుకుంది.

మొదటి మూట గానుగచెక్కది, దిట్టమైంది. దాన్ని గంగరేవక్క స్వయంగా ఎత్తి నక్క వీపున పెట్టింది.

"నడుం కొంచెం వంచండి," సన్నాయప్ప పక్కనే నడుస్తూ చెప్పాడు. "కాళ్లు ఎడంగా వెయ్యండి. ఆ, అలాగే. మూలగొద్దు, లైవ్‌లో వినబడుతుంది."

వెనక అడవంతా మూటలెత్తుకుంది. చీమలు కూడా ఖాళీగా నడవలేదు. తొట్టి నిండింది, గట్టు మీద నూకలు కుప్ప పడ్డాయి. ఓబులేసు సెల్లు అటు తిప్పబోతే సన్నాయప్ప చెవి అడ్డం పెట్టాడు. "తినేవాళ్లను తియ్యొద్దురా. తొట్టిని తియ్యి." సుంకులి పిల్లలందరినీ గట్టు మీదికి తోసి, అవి తినడం చాలాసేపు చూసి, అప్పుడు తానూ ఒక గింజ ముక్కున పెట్టుకుంది. ఎండ బండ మీదికి ఎక్కి, దాటి, అవతలికి పోయింది. ఆమె శెనగచేను వైపు తిరగలేదు.

ఆ పూటే సన్నాయప్ప పేజీలో చిరునామా మార్చాడు. మూటలు ఇకనుంచి నేరుగా తొట్టి దగ్గరే దిగాలి, దిగిన ప్రతి మూటా అందరి ముందూ విప్పాలి. ఆ మాట గంగరేవక్క చెప్పింది. మర్నాడు కొత్త వీడియో పెట్టాడు. "మూటలకు దండాలు. ఎన్నాళ్లని మూటలు తింటాం? కొండకింద మా నీటి చెలమ పూడిపోయింది. తవ్వడం తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే రండి. కుడితి పెడతాం. పని జరిగినంతసేపూ నేను పాడనని మాట ఇస్తున్నాను." ఏటి అవతల్నుంచి అడవిపందులు గుంపుగా దిగాయి, ఇక్కడి ముళ్లపందులు వాటికి తోడయ్యాయి. తొలి వాన పడేసరికి చెలమ నోరు తెరుచుకుని ఉంది.

అడవి పెద్దను ఎంచుకునే రోజున అందరూ గంగరేవక్క పేరే చెప్పారు. సుభాషణరావు పేరు ఎవరూ ఎత్తలేదు, ఏటి అవతలివాళ్లు తప్ప. వాళ్లకు ఆయనంటే ఎనలేని గౌరవం మరి. బండి వచ్చినప్పుడల్లా, "మొదటి మూట సుభాషణరావుగారే మోయాలి, మా పిల్లలు చూస్తారు" అని కబురు పెడతారు. నిజం చెబితే దొంగ అవుతాడు, చెప్పకపోతే కూలీ అవుతాడు. నక్క తెలివైనది గనక కూలీగానే ఉండిపోయింది.

నీతి: లేనివాళ్ల గోడు పదిమందికీ వినిపించే గొంతు ఎంత అవసరమో, వచ్చిన సాయం ఎవరి గుమ్మంలో దిగిందో చూసే కళ్లు అంతకంటే అవసరం.